మనిషి రావాలంట

దుక్మ్, ఒమాన్
శుక్రవారం

అక్కా,

నీకూ బావకూ దండాలు. బిడ్డ స్వప్నకు దీవెనలు. నేనిక్కడ మంచిగనే ఉన్న. ఒంట్ల బాగనే ఉన్నది. తింటున్న, పంటున్న, డ్యూటీకి పోతున్న. మీరందరు ఎట్లున్నరు? బావ బీపీ గోలీలు ఆపకుంట ఏసుకుంటున్నడా? మొన్న ఫోన్ల ఆయన గొంతు అలిసినట్టు వినవడ్డది. దుకాణం జర ఆలస్యంగ తెరిస్తే ఏం మునగదని చెప్పు. నీ మోకాలు నొప్పి సంగతి స్వప్న చెప్పింది, నువ్వు చెప్పలే. కుట్టు మిషన్‌కు మోటర్ పెట్టించుకో అక్కా. ఇంక కాళ్లతోని తొక్కకు. స్వప్నకు ఇంటర్ పరీక్షలు దగ్గరికొచ్చినయి గదా, గట్టిగ చదువుమని నా మాటగ చెప్పు.

నా గురించి రంది పెట్టుకోకు. ఇక్కడ చలికాలం పోతున్నది, ఎండ ఇంక ముదరలే. గాలి మాత్రం ఎప్పటి లెక్కనే. పొద్దుగాల సముద్రం దిక్కు నుంచి మంచు వస్తది, బస్సు ముందట దారి కనవడది. డ్రైవర్ హారన్ కొట్టుకుంట పోతడు, ఒంటెలు అడ్డమొస్తయని. మెస్సుల వంట చేసే ఆయన మలయాళీ. పప్పు నీళ్లలెక్క చేస్తడు గని అన్నం మంచిగ వండుతడు. నీ చింతకాయ తొక్కు ఒడిసి చాన దినాలైంది. పంపుమని అడగను, తెచ్చేటోళ్లు ఇప్పట్ల ఎవ్వలు లేరు. ఎందుకు లేరో కింద రాస్త.

నువ్వు ఫోన్ చేసినప్పుడల్ల అదే అడుగుతున్నవ్. "రెసిడెన్సీ ఏమైందిరా, డిసెంబర్‌ల వస్తనని రాలేవు, లీవ్ దొరకలేదా, మల్ల ఎప్పుడు పెడుతరు?" అని. నేను ప్రతిసారి "తర్వాత చెప్త" అంటున్న. రూమ్‌ల ఆరుగురం ఉంటం, అందరి ముంగట చెప్పబుద్ధి కాలే. అందుకే కాయిదం మీద రాసి, ఫోటోలు తీసి బావ ఫోన్‌కు పంపుతున్న. అక్షరాలు చిన్నగున్నయనుకుంటే స్వప్నతోని చదివించుకో. ఆమెకు తెలువద్దని ఏం లేదు.

లీవ్ దొరికింది అక్కా. దొరికినంకనే ఇదంత అయింది.

మొదటి నుంచి చెప్పాలంటే ఈ చదువు నువ్వు పెట్టిందే. పేపర్ల ప్రకటన చూసి కత్తిరించి పెట్టింది నువ్వు. కథలు రాసుడు నేర్పే ఎం.ఏ. అట, ఇంటికాడనే ఉండి చదువచ్చట, నెలనెల రాసింది పంపితే సార్లు దిద్దుతరట, అని నాకు ఫోన్ల చదివి వినిపిచ్చినవ్. అప్పుడు నేను లీవ్ మీద రానీకి తయారుగున్న. కింద చిన్న అక్షరాలల్ల ఇంకో ముక్క ఉండె. ఆరునెల్లకొకసారి పది దినాలు హైదరాబాద్‌ల వాళ్ల కాడనే ఉండి క్లాసులల్ల కూసోవాలె. దాన్నే రెసిడెన్సీ అంటరు. నాలుగు రెసిడెన్సీలు అయితే చదువు పూర్తయినట్టు. ఒక్కటి తప్పితే తర్వాత కట్టుకోవచ్చు, రెండు తప్పితే పేరు తీసేస్తరు. నువ్వు ఆ ముక్క చదివి, "ఏమైతదిరా, లీవ్ అప్పుడే పెట్టుకో" అన్నవ్. అప్పుడు నాకు గూడ ఏం కాదనే అనిపిచ్చింది.

మొదటి రెసిడెన్సీ సంగతి నీకు సగమే తెలుసు. ఆఖరు దినం నువ్వు మెట్‌పల్లి నుంచి బస్సెక్కి వచ్చి, హాలుల చివరి వరుసల కూసుండి, నేను చదివింది విన్నవ్. ముందటి తొమ్మిది దినాలు నీకు తెలువది.

పొద్దుగాల కుర్చీలు గుండ్రంగ ఏస్తరు. పన్నెండుగురం. క్లాసు చెప్పే శారద మేడం గూడ మా నడుమనే కూసుంటది, ముంగట బల్ల ఉండది. దినానికి ఇద్దరి కథలు. అందరు ముందే చదువుకొని, పెన్సిల్‌తోని గీతలు గీసుకొని వస్తరు. కథ రాసినాయన మాత్రం నోరు మెదపొద్దు. వాళ్లు ఆ కథ గురించి గంటసేపు మాట్లాడుకుంటరు, ఆయన వింటనే ఉండాలె. నా వంతు మూడో దినం వచ్చింది. నాయిన బ్యాండ్ మీద రాసిన మొదటి అధ్యాయం ఇచ్చిన. నరేందర్ అని వరంగల్ ఆయన, బ్యాంకుల పని చేస్తడు, ఆయన ముందుగాల అందుకున్నడు.

"ఈయన గల్ఫ్‌ల ఉన్నడు. మనకెవ్వలికి తెలువని బతుకు ఈయనకు తెలుసు. అది ఇడిసిపెట్టి పెండ్లి బ్యాండ్ గురించి రాసుడేంది? అది ఎవలైనా రాస్తరు."

ఇంకో ఇద్దరు గూడ నిజమే అన్నరు. నేను నోరు మెదపొద్దు గదా, కింద బండల దిక్కు చూస్తున్న. నాకు మస్తు కోపం వచ్చింది అక్కా. పొద్దందాక సైట్ల ఉండుడు, మల్ల కాయిదం మీద గూడ సైటేనా అనుకున్న. శారద మేడం ఒక్కటే మాట అన్నది. "ఆయన ఎక్కడ ఉంటున్నారనేది ఆయన ఇష్టం మీద జరగలేదు. ఏం రాయాలనేదైనా ఆయన ఇష్టానికి వదిలేద్దాం."

తర్వాత ఒక ఆమె, నల్లగొండ దిక్కు టీచర్, మెల్లగ అడిగింది. "ఊరేగింపు నడుమ బ్యాండ్ ఆగిపోతది గదా, పెండ్లికొడుకు మామ వచ్చి ఆపమంటడు. అప్పుడు ఆ క్లారినెట్ ఆయన చేయి ఏం చేస్తది? నాకు ఆయన చేయి కనవడలే."

ఆమె గట్ల అడుగుతనే నాకు నాయిన చేయి యాదికొచ్చింది. పాట ఆపమన్నప్పుడు నాయిన క్లారినెట్‌ను చంకల పెట్టుకొని, బొటనవేలును అంగీ గుండీకి రుద్దుకుంట నిలవడేటోడు. బొటనవేలి మీద కాయ కాసి ఉండె. ఆ మాట ఆమె అడిగేదాక నాకు తెలిసినట్టే తెలువది. ఆ పగలు అన్నానికి పోకుంట చెట్టు కింద కూసొని రాసిన. నువ్వు ఆఖరు దినం విన్నది అదే. బయటికొచ్చినంక, "నాయిన దగ్గుకుంట గుండీ రుద్దుకునేటోడు, నువ్వెట్ల యాది పెట్టుకున్నవ్‌రా" అని ఏడ్చినవ్. యాది పెట్టుకున్నది నేను కాదక్కా. గుండ్రంగ ఏసిన ఆ కుర్చీలల్ల కూసున్నోళ్లు బయటికి తీసిన్రు.

ఆ పది దినాలు నన్ను అందరు "మీరు" అన్నరు. ఇక్కడ నా పేరు పిలిచెటోళ్లే తక్కువ, స్టోర్ అని పిలుస్తరు, స్టోర్ల పానాలు, బెల్టులు ఇచ్చుడు నా పని గాబట్టి. దానికి నేను బాధ పడుతలేను, చెప్తున్న గంతే.

రెండో రెసిడెన్సీ జూన్‌ల. అప్పుడు సైట్ల పని గట్టిగున్నది, ఎవ్వలికీ లీవ్ లేదన్నరు. అది నీకు తెలుసు. మేడం ఫోన్ చేసి, "ఈసారికి పరవాలేదు, డిసెంబర్ మాత్రం వదలకండి" అన్నది. సరేనన్న. ఎండాకాలమంత రాసిన. డ్యూటీ నుంచి వచ్చి తానం చేసి, మంచం మీద కూసొని, మోకాలి మీద అట్ట పెట్టుకొని రాసిన. నెలనెల పంపిన. మేడం ప్రతి పేజీ చదివి, ఏడ కథ నడుస్తలేదో, ఏడ నేను మాటలు చెప్పి తప్పిచ్చుకున్ననో చెప్పేది. నాలుగు అధ్యాయాలు అయినయి.

వాటిని ముందుగాల విన్నది గంగన్న. ఆయన పేరు నీకు చెప్పిన, ఆర్మూర్ దిక్కు మనిషి, నా పక్క మంచం. సైట్ల పరంజి కట్టుడు ఆయన పని. వయసుల బావ అంత ఉంటడు. శుక్రవారం బట్టలు పిండుకొని ఆరేసినంక, చాయ పట్టుకొని వచ్చి, "చదువు తమ్మీ" అనేటోడు. వినుకుంట ఏం మాట్లాడడు. అంత అయినంక ఏదో ఒక్కటి అంటడు. ఒకసారి, "ఆ డోలు కొట్టే ముసలాయన మంచోడు, ఆయనను సంపకు" అన్నడు. నేను సంపుదామనే అనుకున్న. సంపలే.

అక్టోబర్‌ల లీవుల లిస్టు పెట్టిన్రు. గంగన్న పేరు డిసెంబర్‌ల, నాది మార్చ్‌ల వచ్చింది. నేను మేనేజర్ కాడికి పోయి అడిగిన. మీరు మీరు మార్చుకుంటే నాకేం అభ్యంతరం లేదన్నడు ఆయన. గంగన్నను అడగాలంటే నాకు నోరు రాలే. వాళ్ల బిడ్డకు అప్పుడే పాప పుట్టింది. రోజు వీడియోల చూసుకుంట మురుస్తుండె. నేను అడగకున్నా ఎవలో చెప్పిన్రు. ఆయనే వచ్చి నా మంచం మీద కూసున్నడు.

"నీ బడి డిసెంబర్‌లనా?"

"డిసెంబర్‌లనే గంగన్నా."

"నా లీవ్ నువ్వు తీసుకో. మార్చ్‌ల నేను పోత."

"పాపను చూడాలంటివి గదా."

"పాప యాడికి పోతది? మార్చ్ దాంక నవ్వుడు గూడ నేర్చుకుంటది. అప్పుడు చూస్తే ఇంక మంచిగుంటది."

నేను వద్దనలే. అనాల్సింది గని అనలే.

ఇక్కడ ఉండనీకి మనకు ఒక కార్డు ఇస్తరు, బతాకా అంటరు. నాది నవంబర్‌ల అయిపోయేది ఉండె. కంపెనీ మస్కట్ ఆఫీసుల కాయిదాల పని చూసే ఆయనను ఫోన్ల అడిగితే, "చేస్తున్నం, ఆన్‌లైన్‌ల అయితది, నువ్వు టికెట్ చేసుకో" అన్నడు. పాస్‌పోర్ట్ చేతికిచ్చిన్రు. నేను నీకు చీర కొన్న, స్వప్నకు గడియారం, బావకు అత్తరు. అవి నా పెట్టెల అట్లనే ఉన్నయి.

దుక్మ్ నుంచి మస్కట్‌కు బస్సుల పోనీకి దినమంత పడుతది. అంత ఎడారే, అక్కడొకటి ఇక్కడొకటి హోటలు. ఆ దారి పొంటి నేను ఒకటే అనుకున్న, ఈసారి ఎవలి కథ మీద నేనేం మాట్లాడాలె అని. అందరి కథలు ముందే పంపిన్రు, నేను గీతలు గీసుకున్న. నరేందర్ ఈసారి తన తల్లి మీద రాసిండు. మస్తు మంచిగ రాసిండు. నాకు ఆయన మీద కోపం పోయింది. ఆ మాట మొఖం మీద చెప్పాలనుకున్న.

ఎయిర్‌పోర్ట్‌ల టికెట్ కాడ ఏం కాలే. సామాను తీసుకున్నరు. లోపల పాస్‌పోర్ట్ చూసే కాడ, చిన్న వయసు ఒమానీ ఆయన, కంప్యూటర్‌ల చూసి, మల్ల చూసి, మర్యాదగనే చెప్పిండు. "బతాకా ఖలాస్. సఫర్ లేదు." అంటే కార్డు అయిపోయింది, ప్రయాణం కాదు.

నేను, "కంపెనీ చేయిస్తున్నది, అయితదన్నరు" అన్న, వచ్చీ రాని హిందీల.

"కంపెనీ చేయలే. కంపెనీకి ఫోన్ చెయ్."

చేసిన. కాయిదాల ఆయన, "ఎల్లుండి అయితది, ఇన్షా అల్లా" అన్నడు. నన్ను పక్కకు నిలవెట్టిన్రు. తర్వాత సామాను తిరిగి తెచ్చిచ్చిన్రు. నేను పోవాల్సిన విమానం నిలవడి ఉన్నది, అద్దంల నుంచి కనవడుతుండె. అది పోయేది చూడలే, బయటికొచ్చిన.

మస్కట్‌లనే రూవీ అనే కాడ మన కోరుట్లోళ్ల రూమ్ ఉన్నది, ఆడ పడ్డ. రోజు పొద్దున్నే కంపెనీ మస్కట్ ఆఫీసుకు పోయి కూసునుడు. ఎల్లుండి అన్నది ఎల్లుండి కాలే. మేడంకు ఫోన్ చేసిన. ఆమె, "ఐదు రోజులు వచ్చి కూర్చున్నా నేను ఏదో ఒకటి చెప్పి ఒప్పిస్తాను తిరుపతి గారూ, ఐదో రోజు లోపల రండి" అన్నది. దానితోని నాకు మల్ల ఆశ పుట్టింది. నాలుగో దినం కాయిదాల ఆయన నన్ను పక్కకు పిలిచి అసలు సంగతి చెప్పిండు. కంపెనీ కట్టాల్సినయి కట్టలేదట, సర్కార్ కంప్యూటర్‌ల కంపెనీ ఫైలే బంద్ పెట్టిన్రట. ఇప్పుడు ఎవ్వలి కార్డూ కొత్తది కాదు. ఎప్పుడు తెరుస్తరో ఆయనకు గూడ తెలువదట.

"మరి నాకు టికెట్ చేసుకొమ్మని ఎందుకు చెప్పిన్రు?" అని అడిగిన.

"అప్పటికి అయితదనే అనుకున్నం," అన్నడు. ఆయన మీద అరిచి ఏం లాభం? ఆయన జీతం గూడ ఆగిందట.

నా కథ మీద క్లాసు ఆరో దినం ఉండె. మేడం తనంతల తనే ఫోన్ చేసి, "హాజరు కింద రాదు, అయినా మీ అధ్యాయం మీద మేం మాట్లాడుకుంటాం, మీరు ఫోన్లో ఉండండి" అన్నది. నా కుర్చీ తియ్యలేదట. దాని మీదనే ఫోన్ పెట్టిన్రు. నేను రూవీల ఆ రూమ్ వెనక, బట్టలారేసే మిద్దె మీద నిలవడి నాలుగో అధ్యాయం సగం దాంక చదివిన. తర్వాత వాళ్లు మాట్లాడుకున్నరు. నాకు కుర్చీలు జరిగిన చప్పుడు వినవడుతది, దగ్గు వినవడుతది, కాయిదాలు తిప్పుడు వినవడుతది. మాటలు సగం వస్తయి, సగం పోతయి. నల్లగొండ ఆమె ఏదో చాన సేపు చెప్పింది, అందుల నాకు "ఆయన భార్య" అన్న ముక్క ఒక్కటే అందింది. నరేందర్ ఏదో అన్నడు. అందరు నవ్విన్రు.

"ఏమన్నడు మేడం?" అని అడిగిన.

"ఏం లేదండీ, బాగుందన్నాడు."

బాగుందంటే నవ్వరు గదా అక్కా. చెడ్డమాట అయి ఉండదు, నాకు తెలుసు. ఆడ ఉంటే నేను గూడ నవ్వేటోణ్ని. మొదటిసారి నల్లగొండ ఆమె నాయిన చేయి గురించి అడిగినప్పుడు నా మొఖం చూసుకుంట అడిగింది. నేను మాట్లాడకున్నా నా మొఖం చూసి ఇంకో మాట అడిగింది. ఇప్పుడు ఎవలు ఎవలి మొఖం చూస్తరు? ఫోన్ల కథ పోయింది. నేను పోలే.

రెసిడెన్సీ అయిపోయినంక మెయిల్ వచ్చింది. రెండు తప్పినయి గాబట్టి పేరు తీసేసినం, కావాలంటే మల్ల మొదటి నుంచి అప్లై చేసుకోవచ్చు అని. మేడం ఫోన్ చేసింది.

"నేను చాలా గట్టిగా అడిగాను తిరుపతి గారూ. ఒకరికి మినహాయింపు ఇస్తే అందరికీ ఇవ్వాలంటున్నారు. ఫోన్లో వినడం లెక్క కాదు, మనిషి రావాలి అన్నారు."

"వాళ్లన్నది నిజమే మేడం," అన్న. నేను ఊరికె అనలే అక్కా. మనిషి ఎందుకు రావాలో నాకు ఇప్పుడు ఎవలు చెప్పనక్కర లేదు. రూల్ తప్పని గొడవ పెట్టుకుందామన్నా నాకు పట్టు దొరుకుతలేదు. ఆమె గూడ ఈ యేడు రిటైర్ అయితున్నదట. "కథ మాత్రం ఆపకండి" అన్నది. సరే మేడం అన్న.

మల్ల బస్సెక్కి దుక్మ్‌కు వచ్చిన. వచ్చిన దినం గాలి గట్టిగున్నదని క్రేన్లు ఆపిన్రు, గంగన్న రూమ్‌లనే ఉన్నడు. అంగీకి గుండీ కుట్టుకుంటున్నడు. నన్నూ, నా పెట్టెనూ చూసిండు.

"వచ్చినవా? తిన్నవా?"

"తినలే."

లేసి పోయి మెస్సుల నుంచి ప్లేటుల అన్నం పట్టుకొచ్చిండు. నేను తినేదాంక మల్ల గుండీ కుట్టుకుంట కూసున్నడు. తిన్నంక నేనే చెప్పిన. కంపెనీ ఫైల్ బంద్ అయిందన్న ముక్క కాడికి వచ్చినంక ఆయన సూది ఆపిండు. ఆయన కార్డు జనవరి దాంక ఉండె. డిసెంబర్‌ల తన లీవ్‌కు తను పోయి ఉంటే, ఎవ్వలు ఆపకపోదురు. పాపను ఎత్తుకొని ఉండేటోడు. నాకు ఇచ్చినందుకు నేను పోలే, ఆయన గూడ పోలే. ఆయనకు మార్చ్ దాంక లీవ్ లేదన్నరు, జనవరిల ఆయన కార్డు గూడ అయిపోయింది. మార్చ్ లీవ్ పేరుకే ఉన్నది.

"గంగన్నా, నా వల్ల" అన్నంతల ఆయన, "నీకేం తెలుసు తమ్మీ, నువ్వేం చేస్తవ్" అన్నడు. ఆ తర్వాత ఆ మాట మల్ల తియ్యలే. ఇప్పటిదాంక తియ్యలే. కోపం చేస్తే నాకు మనసు జర అల్కగుండేది. పాప బోర్ల పడుతుందట, మొన్న వీడియోల నాకు గూడ చూపిచ్చిండు. నేను ఫోన్ ఎక్కువసేపు పట్టుకోలేకపోయిన.

పోయిన శుక్రవారం చాయ పట్టుకొని వచ్చి, "చదువు తమ్మీ" అన్నడు. కొత్తది ఏం లేదు గంగన్నా అన్న. ఐదో అధ్యాయంల బ్యాండోళ్లు పెండ్లి కాడ వాయించి ఎడ్లబండి మీద తిరిగొస్తుంటే వాన పట్టుకుంటది, వాగు అవతల చిక్కుతరు. ఆడి దాంకనే రాసిన. వచ్చినంక నాలుగైదు సార్లు కాయిదం ముంగటేసుకొని కూసున్న. వాగు దాటియ్యాలంటే నాకు చేతనైతలేదు. ఏం రాసినా అది అబద్ధం లెక్కనే కొడుతది. కొట్టేసి పెట్టేసిన.

"మరి వాళ్లేం చేస్తున్నరు?" అని అడిగిండు గంగన్న.

"ఆడ్నే ఉన్నరు."

తలకాయ ఊపి, చాయ తాగి, ఆరిన బట్టలు తీసుకోనీకి పోయిండు.

ఇంకొక్క ముచ్చట చెప్పి ముగిస్త. ఈ వారం మేనేజర్ అందరిని పిలిచిండు. మా కంపెనీ పనిని ఇంకో కంపెనీ తీసుకుంటుందట. వాళ్లు మా కార్డులు చేయిస్తరట, ఆగిన జీతాలు మొదలు పెడుతరట. దానికి రెండేండ్లకు సంతకం పెట్టాలె, మొదటి యేడు లీవ్ ఉండది. సంతకం పెట్టనోళ్లు లేబర్ ఆఫీసుల కేసు ఏసుకొని ఎదురు చూసుకోవచ్చు అన్నడు. ఎంత కాలమో ఎవ్వలు చెప్పరు. వరుసల గంగన్న నాకు ముందు ఉండె. ఆయన సంతకం పెట్టి పక్కకు జరిగిండు. నేను గూడ పెట్టిన.

కాబట్టి అక్కా, నువ్వు హైదరాబాద్ పోయి ఆ ఆఫీసుల అడుగుతనంటవ్, నీ సంగతి నాకు తెలుసు. పోకు. అడగనీకి ఏం లేదు. మేడంకు ఫోన్ చెయ్యకు, ఆమె బాధ పడుతది గంతే. వాడకట్టుల మా తమ్ముడు ఎం.ఏ. చదువుతున్నడు, పుస్తకం వస్తది అని చెప్తున్నవట, స్వప్న నవ్వుకుంట చెప్పింది. ఇంక చెప్పకు. అడిగితే దుక్మ్‌ల డ్యూటీ చేస్తున్నడని చెప్పు. బావ సంబంధాల సంగతి తీస్తే ఈ రెండేండ్లు ఆగమని మెల్లగ నువ్వే చెప్పు, నేను చెప్తే ఆయనకు కోపమొస్తది.

మల్ల చెప్తున్న, నేను మంచిగనే ఉన్న. జ్వరం లేదు, జలుబు లేదు, ఎవలితోని కొట్లాట లేదు. కొత్త కంపెనీ మెస్సుల వారానికి రెండుసార్లు కోడికూర పెడుతరట. నువ్వు మోకాలు చూపించుకో. స్వప్న పరీక్షలు ఎట్ల రాసిందో ఫోన్ల నాకే ముందుగాల చెప్పుమను. మన పెద్దమ్మకు, పక్కింటి లక్ష్మత్తకు నా దండాలు చెప్పు.

నువ్వు ఫోన్ పెట్టేటప్పుడు ఎప్పుడూ "మంచిగ రాయి బిడ్డా" అని దీవిస్తవ్. ఇప్పటి సంది గట్ల అనకు అక్కా. మంచిగుండు అను, చాలు.

నీ తమ్ముడు
తిరుపతి